పంటి చికిత్సకు మత్తు.. కుర్చీ ఎక్కేముందు ఆ పది నిమిషాలు ఎందుకంత కీలకం?

పెళ్లి దగ్గర పడింది. నవ్వు ఇంకాస్త బాగుండాలని స్మైల్ డిజైనింగ్ కోసం వెళ్లాడు. మళ్లీ ఇంటికి రాలేదు. 2024 ఫిబ్రవరి 16న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని ఓ డెంటల్ క్లినిక్‌లో 28 ఏళ్ల యువకుడు చికిత్స మధ్యలోనే స్పృహ తప్పాడు. సిబ్బంది ఫోన్ చేయడంతో తండ్రి పరుగున వచ్చాడు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పటికే చనిపోయాడని డాక్టర్లు చెప్పారు. మత్తు మందు డోసు ఎక్కువైందని, తన కొడుక్కి అంతకుముందు ఎలాంటి ఆరోగ్య సమస్యలూ లేవని తండ్రి ఆరోపించాడు. పోలీసులు నిర్లక్ష్యం కింద కేసు పెట్టారు.

ఆరోపణ వేరు, రుజువు వేరు. మరణానికి అసలు కారణం ఏంటన్నది పోస్టుమార్టం, దర్యాప్తు, కోర్టు తేల్చాల్సిన సంగతి. అయితే ఆ ఘటన తర్వాత సోషల్ మీడియాలో జరిగిన చర్చంతా 'డోసు ఎంత ఇచ్చారు?' అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఒక మనిషికి మత్తు ఇవ్వొచ్చా లేదా అని ఎవరు, ఎప్పుడు, ఎలా తేలుస్తారు?

ఇంట్లోవాళ్లకు తెలిసినంతలో ఏ జబ్బూ లేకపోవడం ఒకటి. మత్తుకు ఫిట్ అని డాక్టర్ పరీక్షించి, కాగితం మీద రాయడం ఇంకోటి. ఈ రెండింటి మధ్య ఉన్న గ్యాప్‌లోనే ప్రాణాల మీదకు వచ్చే ప్రమాదం ఉంటుంది.

'మత్తు' అంటే ఏ మత్తు?

ముందుగా ఓ చిక్కు విప్పాలి. తెలుగులో అన్నింటికీ 'మత్తు' అనే ఒక్క మాటే వాడేస్తాం. పన్ను పీకేముందు చిగురుకు పొడిచే సూది మత్తే. భయపడే పిల్లాడికి తాగించే సిరప్ మత్తే. ఆపరేషన్ థియేటర్‌లో పూర్తిగా నిద్రపుచ్చేదీ మత్తే. నిజానికి ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు.

చిగురుకు ఇచ్చేది లోకల్ అనస్థీషియా. తిమ్మిరి ఇంజెక్షన్ అనుకోండి. మనిషి పూర్తి తెలివిలోనే ఉంటాడు, నొప్పి మాత్రం తెలీదు. రోజూ లెక్కలేనంత మంది తీసుకుంటారు, చాలా వరకు సురక్షితం. సెడేషన్ అంటే మెదడుకే మగత కలిగించడం. ముక్కు మాస్క్‌తో పీల్చే నైట్రస్ ఆక్సైడ్, అదే లాఫింగ్ గ్యాస్, ఇందులో తేలికైన రకం. నోటి ద్వారా లేదా నరం ద్వారా ఇచ్చే మిడాజోలం లాంటి మందులు ఇంకాస్త లోతుకు తీసుకెళ్తాయి. చివరిది జనరల్ అనస్థీషియా. అక్కడ స్పృహ పూర్తిగా పోతుంది.

అసలు డేంజర్ ఎక్కడంటే.. ఇవి మెట్లు కావు, జారుడు బల్ల. తేలికపాటి మగతే ఇద్దామనుకున్నా, ఒకే డోసుకు ఒకరు కబుర్లు చెబుతూ ఉంటారు, ఇంకొకరు గాఢ నిద్రలోకి జారి శ్వాస మందగించొచ్చు. ఎవరు ఎంత జారతారో ముందే అంచనా వేయడానికే ప్రీ-సెడేషన్ చెకప్.

పైగా నోటి వైద్యంలో ఇంకో ఇబ్బంది. డాక్టర్ పనిచేసే చోటు, పేషెంట్ గాలి పీల్చే దారి ఒక్కటే. నీళ్లు, రక్తం, దూది, ఊడిన పన్ను ముక్క.. అన్నీ అక్కడే. మోకాలి ఆపరేషన్‌లో ఈ సమస్య ఉండదు.

విచిత్రం ఏంటంటే, మత్తును వైద్యంలోకి తెచ్చిందే డెంటిస్టులు. అమెరికాలో హోరేస్ వెల్స్ 1844లో లాఫింగ్ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. విలియం మోర్టన్ 1846లో ఈథర్‌ను అందరి ముందు ప్రదర్శించాడు. ఇద్దరూ పంటి డాక్టర్లే.

ఫిట్‌నెస్‌కు ఓ లెక్క ఉంది

ప్రపంచమంతా వాడే కొలబద్ద ఒకటుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ ఇచ్చిన ఏఎస్ఏ గ్రేడింగ్. ఏ జబ్బూ లేని, పొగ తాగని మనిషి గ్రేడ్ 1. కంట్రోల్‌లో ఉన్న షుగర్, బీపీ ఉంటే గ్రేడ్ 2. సిగరెట్ అలవాటు ఉన్నా, గర్భిణి అయినా గ్రేడ్ 2 లోకే వస్తారు. షుగర్ కంట్రోల్ తప్పితే గ్రేడ్ 3. గుండెపోటు వచ్చి మూడు నెలలు దాటితే గ్రేడ్ 3, దాటకపోతే గ్రేడ్ 4.

బ్రిటన్ లాంటి చోట్ల మామూలు డెంటల్ క్లినిక్‌లో సెడేషన్ అంటే ప్రధానంగా గ్రేడ్ 1, 2 వాళ్లకే. మిగతావాళ్లను ఆసుపత్రికి పంపిస్తారు. అంటే గ్రేడ్ 3 వచ్చిందని వైద్యం నిరాకరించినట్టు కాదు, చోటు మార్చినట్టు. ఈ తేడా అర్థంకాకే చాలామంది 'షుగర్ ఉందని చెబితే పన్ను పీకరేమో' అని దాచేస్తుంటారు.

'మాత్ర వేసుకుంటున్నాను కదా, బీపీ నార్మల్‌గానే ఉంది' అనేది ఇంకో సమాధానం. మాత్ర వేసుకుంటున్నారంటేనే బీపీ ఉన్నట్టు. క్లినిక్‌లో కుర్చీ ఎక్కించి ఒక్కసారైనా బీపీ మిషన్ కట్టకుండా మత్తు మాట ఎత్తితే మాత్రం అనుమానించాల్సిందే.

నోరు తెరిచి చూపించే టెస్ట్.. కనిపెట్టింది మన గుంటూరు డాక్టరే

ఈ చెకప్‌లో తెలుగువాళ్లు గర్వపడే ముచ్చట ఒకటుంది. కూర్చోబెట్టి, నోరు బాగా తెరిపించి, నాలుక బయటకు చాపమంటారు. లోపల కొండనాలుక ఎంత కనిపిస్తోందో చూస్తారు. దీని పేరు మల్లంపాటి స్కోర్. గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు పేరు అది. 210 మంది పేషెంట్లపై చేసిన పరిశీలనను ఆయన 1985లో ప్రచురించారు. అప్పుడు మూడు తరగతులే. 1987లో వేరే డాక్టర్లు నాలుగోది చేర్చారు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల మత్తు డాక్టర్‌ను అడిగినా మల్లంపాటి పేరు తెలుసంటారు.

కొండనాలుక మొత్తం కనిపిస్తే మొదటి తరగతి. అంగిలి గట్టి భాగం తప్ప ఏమీ కనిపించకపోతే నాలుగు. అంటే ఊపిరి ఆగే పరిస్థితి వస్తే గొట్టం వేయడం కష్టం కావొచ్చన్న హెచ్చరిక. ఈ ఒక్క టెస్ట్‌తోనే అంతా తేలిపోదు. మెడ ఎంత వంగుతోంది, దవడ ఎంత చిన్నది, కదిలే పళ్లు ఉన్నాయా.. ఇవన్నీ కలిపి చూడాలి. కానీ దీనికి పైసా ఖర్చు లేదు, అర నిమిషం చాలు. ఎలాగూ నోరు తెరిపించే పంటి డాక్టర్‌కు ఇది చేయకపోవడానికి సాకే లేదు.

మన దగ్గర ఇంకో సమస్య కలుస్తోంది. గుట్కా, వక్కపొడి ఏళ్ల తరబడి నమిలేవాళ్లలో బుగ్గల లోపలి పొర గట్టిపడిపోయి నోరు సరిగా తెరుచుకోదు. డాక్టర్లు దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే తెరుచుకోవడం తగ్గినట్టే. ఇలాంటి పేషెంట్‌కు మత్తులో ఊపిరి ఇబ్బంది వస్తే గొట్టం వేయడానికి దారే ఇరుకు. వీళ్లకే పళ్ల సమస్యలూ ఎక్కువ, డెంటిస్ట్ దగ్గరకు రావడమూ ఎక్కువ.

'గురక పెడతారా?' అని అడిగితే నవ్వొద్దు

మగవాళ్లను ఈ ప్రశ్న అడిగితే పక్కనున్న భార్య సమాధానం చెబుతుంది. 'అయ్యో, వీధి చివరిదాకా వినిపిస్తుందండీ' అని. అందరూ నవ్వుకుంటారు. కానీ డాక్టర్‌కు ఆ సమాధానం చాలా కీలకం. గురకతో పాటు నిద్రలో ఊపిరి కాసేపు ఆగడం, పగలంతా తూగడం ఉంటే అది స్లీప్ ఆప్నియా కావొచ్చు. మామూలు నిద్రలోనే గాలి దారి మూసుకుపోయేవాళ్లకు మందు ఇచ్చి నిద్రపుచ్చితే ఏమవుతుందో ఊహించడం కష్టమేం కాదు.

దీన్ని పట్టుకోవడానికి స్టాప్-బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల ఫారం ఉంది. గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బరువు, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా.. అంతే. ఈ ప్రశ్నలకు మెషిన్ అక్కర్లేదు. టైలర్ టేపు ఒకటి చాలు.

మాత్రల సంచీ.. కల్లు సీసా

'ఏమైనా మందులు వాడుతున్నారా?' అంటే 'ఏం లేదు' అనేయడం మనకు అలవాటు. రోజూ వేసుకునే మాత్రను మందుగా లెక్కేయం. అందుకే డాక్టర్ 'ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచీలో వేసుకుని రండి' అంటే అతి అనుకోవద్దు.

ఉదాహరణకు తామర. తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్మవ్యాధికి ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ నెలల తరబడి వాడేవాళ్లు చాలామందే ఉంటారు. లివర్‌లో మిడాజోలంను కరిగించే ఎంజైమ్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. దాంతో మామూలు డోసు కూడా ఎక్కువసేపు, ఎక్కువ గట్టిగా పనిచేస్తుంది. చర్మానికి వాడే మందుకూ పంటి మత్తుకూ సంబంధం ఏంటని ఏ పేషెంట్ అయినా అనుకుంటాడు. అడగాల్సింది డాక్టరే.

కొత్తగా వచ్చిన చిక్కు బరువు తగ్గించే ఇంజెక్షన్లు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవి మన దేశ మార్కెట్లోకి వచ్చాయి. ఇవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. రాత్రి తిన్నది పొద్దునకూ కడుపులో ఉండిపోవచ్చు. మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాపాయం. 2023లో అమెరికా మత్తు డాక్టర్ల సొసైటీ ఈ మందులపై ప్రత్యేకంగా సూచనలే ఇచ్చింది. పేషెంట్లు మాత్రం వీటిని జిమ్ సీక్రెట్‌లా దాచుకుంటారు. పెళ్లికి ముందు బరువు తగ్గే ఇంజెక్షన్, నవ్వు దిద్దుకునే చికిత్స.. రెండూ ఒకే నెలలో పడటం అసాధ్యమేం కాదు.

ఇక తెలంగాణలో ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం కల్తీ కల్లు. కల్లులో అల్ప్రాజోలం కలుపుతున్నారని ఎక్సైజ్ శాఖ ఏళ్లుగా కేసులు పెడుతూనే ఉంది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అల్ప్రాజోలం, మిడాజోలం రెండూ ఒకే కుటుంబం మందులు. పొద్దున కల్లు తాగి వచ్చిన మనిషికి సెడేషన్ ఇస్తే రెండూ కలిసి శ్వాసను దెబ్బతీయొచ్చు. రోజూ తాగి అలవాటుపడ్డ మనిషికైతే మామూలు డోసు ఎక్కకపోవచ్చు, దాంతో డాక్టర్ డోసు పెంచుకుంటూ పోయే ప్రమాదం. 'మద్యం అలవాటు ఉందా?' అని ఫారంలో అడిగితే 'లేదు' అనే రాస్తారు. చాలామంది దృష్టిలో కల్లు మద్యం కాదు మరి! 'పెద్దాయనా, కల్లు తాగుతావా? ఇయ్యాల తాగినవా?' అని ఆ మాటతోనే అడిగితేనే నిజం బయటకొస్తుంది. విదేశీ ఫారాలను అలాగే ప్రింట్ తీసి సంతకం పెట్టించుకుంటే లాభం లేదు.

తిని రావాలా.. తినకుండా రావాలా?

ఇక్కడ జనం పూర్తిగా కన్‌ఫ్యూజ్ అవుతారు. మామూలుగా పన్ను పీకేటప్పుడు డెంటిస్ట్ 'టిఫిన్ చేసి రండి' అంటారు. ఖాళీ కడుపుతో ఉంటే కళ్లు తిరుగుతాయని. అదే గాఢమైన సెడేషన్, జనరల్ అనస్థీషియా అయితే లెక్క రివర్స్. నీళ్లు లాంటివి 2 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, తేలికపాటి తిండి 6 గంటల ముందు ఆపేయాలి. పూరీ, బిర్యానీ లాంటివైతే 8 గంటలు. తేలికపాటి లాఫింగ్ గ్యాస్‌కు చాలాచోట్ల ఇంత కఠినంగా అడగరు.

పోయినసారి తిని వెళ్లమన్నారు కదా అని అమ్మమ్మ ఈసారీ పిల్లాడికి రెండు ఇడ్లీలు పెట్టి పంపిస్తుంది. ఆమె తప్పేం లేదు. ఏ రకం మత్తు, ఎన్ని గంటలు ఆగాలి అన్నది ముందురోజే ఫోన్‌లో చెప్పడం క్లినిక్ పని. షుగర్ పేషెంట్ అయితే మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది కూడా. మాత్ర మింగి, తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది.

పిల్లల విషయంలో మార్జిన్ ఉండదు

పిల్లాడి బరువు తూకం వేసి చూడాల్సిందే. 'పదిహేను కిలోలు ఉంటాడేమో' అనే అంచనా పనికిరాదు. ఎందుకంటే లోకల్ ఇంజెక్షన్‌కూ లిమిట్ ఉంది. మన దగ్గర చాలా క్లినిక్‌లలో 2 శాతం లిగ్నోకెయిన్ 30 మిల్లీలీటర్ల సీసా నుంచి సిరంజిలోకి తీస్తారు. ఒక మిల్లీలీటర్‌లో 20 మిల్లీగ్రాములు, సీసా మొత్తం 600. అడ్రినలిన్ కలిపిన రకానికి పెద్దవాళ్లకే గరిష్ఠంగా 500 మిల్లీగ్రాములు. పిల్లలకు కిలోకు 4.4 మిల్లీగ్రాములు దాటొద్దంటారు పిల్లల డెంటిస్టులు. 15 కిలోల పిల్లాడికి ఎంతొచ్చింది? 66 మిల్లీగ్రాములు. అంటే 3.3 మిల్లీలీటర్లు. ఒకే రోజు నాలుగు వైపులా పళ్లకు పనిచేస్తే ఈ లిమిట్ దాటడం ఎంతసేపు? పైగా సెడేషన్ కూడా కలిస్తే తేడా వచ్చినట్టు చెప్పడానికి పిల్లాడు మెలకువలో ఉండడు.

జలుబు, దగ్గు ఉంటే వాయిదా వేయడమే మంచిది. టాన్సిల్స్ పెద్దవిగా ఉంటే మళ్లీ ఆలోచించాలి. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల్లో ఆక్సిజన్ చాలా వేగంగా పడిపోతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2015లో ఆరేళ్ల బాబు పన్ను తీయించుకుంటూ మత్తులో చనిపోయాడు. ఆ కుటుంబం పోరాటంతో మరుసటి ఏడాదే బాబు పేరు మీద చట్టం వచ్చింది. అక్కడ పెద్ద చర్చ నడిచిన పాయింట్ ఒక్కటే: పన్ను తీసే డాక్టరే మత్తును కూడా చూసుకోవచ్చా? 2019లో అమెరికా పిల్లల డాక్టర్లు, పిల్లల డెంటిస్టుల సంఘాలు దీనికి స్పష్టంగా జవాబిచ్చాయి. గాఢ సెడేషన్ అయితే పళ్ల పని చేసేవాళ్లు వేరు, మత్తును చూసుకునే శిక్షణ ఉన్నవాళ్లు వేరుగా ఉండాల్సిందే. బ్రిటన్ ఇంకా ముందే కదిలింది. 2001 చివరితో డెంటల్ క్లినిక్‌లలో జనరల్ అనస్థీషియా ఆపేసి, ఆసుపత్రులకే పరిమితం చేసింది.

మన దగ్గర లోటు ఎక్కడ?

చాలా క్లినిక్‌లలో మత్తు డాక్టర్ ఫోన్ చేస్తే వచ్చే పద్ధతి. ఒకే రోజు మూడు నాలుగు చోట్లకు తిరిగే డాక్టర్, పేషెంట్‌ను తొలిసారి చూసేది కుర్చీలో పడుకున్నాకే. అప్పటికి ప్యాకేజీ డబ్బులు కట్టేశారు, లీవ్ పెట్టుకున్నారు, ల్యాబ్‌లో క్యాప్‌లు రెడీ. ఆ క్షణంలో 'ఇవాళ వద్దు, ఈసీజీ చూశాక చేద్దాం' అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి? అసలు సమస్య ఇదే. చెకప్‌ను చికిత్స రోజు నుంచి విడదీసి, కనీసం ఒకట్రెండు రోజుల ముందు పెడితే వాయిదా చెప్పడం తేలిక. 'ఒకే సిట్టింగ్‌లో, నొప్పి లేకుండా, నిద్రలోనే' అని రీల్స్‌లో ఊదరగొట్టే ప్రకటనల్లో ఈ ముక్క మాత్రం ఎక్కడా కనిపించదు.

చట్టం వైపు చూస్తే, నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే డాక్టర్లకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద రెండేళ్ల వరకు జైలు. అయితే 2005 నాటి జాకబ్ మాథ్యూ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, మరో డాక్టర్ నిపుణుడి అభిప్రాయం లేకుండా కేసులోకి దూకొద్దని పోలీసులకు చెప్పింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారం ఇంకోదానికి చెల్లదని తేల్చింది. పన్ను పనికి పెట్టిన సంతకం మత్తుకు కూడా సరిపోతుందని ఏ క్లినిక్ అనుకున్నా రిస్కే. కోర్టు వరకు వెళ్తే డాక్టర్‌ను కాపాడేదైనా, పేషెంట్ కుటుంబానికి ఆధారమైనా అదే కాగితం: ఏ రోజు చూశారు, బీపీ ఎంత, ఏ గ్రేడ్, మల్లంపాటి ఎంత, ఏం తిన్నారు, ఎన్ని గంటలకు.

ఇదంతా చదివి పంటి డాక్టర్ దగ్గరకే వెళ్లడం మానేస్తే అసలుకే మోసం. పుచ్చిన పన్ను వాపు మెడలోకి దిగితే అదే ఊపిరికి అడ్డం పడొచ్చు. మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు, సూది చూస్తేనే వణికిపోయేవాళ్లకు సెడేషన్ ఓ వరం. సరిగా పరీక్షించి, పక్కన ఆక్సిజన్, సక్షన్, పల్స్ ఆక్సీమీటర్, మందుకు విరుగుడు పెట్టుకుని, కళ్లు తిప్పకుండా చూసే మనిషిని కూర్చోబెట్టి చేస్తే ఇబ్బందులు అరుదు.

చెకప్‌లో చివరగా వచ్చే ప్రశ్న చాలామందికి అప్రస్తుతంగా అనిపిస్తుంది: 'ఇంటికి ఎలా వెళ్తారు? వెంట ఎవరొచ్చారు?' తోడు ఎవరూ లేకపోతే మంచి క్లినిక్ ఆ రోజు సెడేషన్ ఇవ్వదు. మత్తు దిగాక మెలకువగా కనిపించినా తూగు ఇంకా ఉంటుంది. తమ్ముడి బైక్ వెనక కూర్చుని ట్రాఫిక్‌లో వెళ్లడం అస్సలు కుదరదు. ఆటోనో, క్యాబో మాట్లాడుకోవాలి. 24 గంటల పాటు బండి నడపడం, ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టడం లాంటివి వద్దు. పిల్లలైతే దారిలో తల ముందుకు వాలి గాలి దారి మూసుకుపోకుండా చూసుకోవడానికి, బండి నడిపేవారు కాకుండా ఇంకొకరు పక్కన ఉండాలి.